ప్రార్థన చీటీల గుట్టు

చాపలన్నీ ఖాళీ. వరుసగా మూడో ఆదివారం. ఇవాళ కూడా పిల్లలు రాకపోతే చిట్యాల చర్చిలో సండే స్కూలు మూసేస్తానని పాస్టర్ దేవదానం ముందే చెప్పాడు. టీచర్ సౌందర్య ఇల్లిల్లూ తిరిగి, చెమటలు కక్కుతూ వచ్చింది.

"పిల్లలు వస్తమనే అంటున్నరు అయ్యగారూ. ఇంట్లోళ్లే తోలుతలేరు."

"ఎందుకట?"

"ప్రార్థన చీటీలల్ల పిల్లలు ఇంటి సంగతులు రాసిండ్రు గదా. బాపు తాగుడు బంజెయ్యాలని ఒకడు, అమ్మ నాయనమ్మను తిట్టొద్దని ఇంకో పిల్ల. గవన్నీ ఊరందరికీ తెలిసినయి. ఆ తాగే బాపు రమాకాంత్ అన్న సిగ్గుతోని బయటికే వస్తలేడు."

పాస్టర్‌కు కోపం ఆగలేదు.

"పసిపిల్లల గుట్టు బయటపెట్టిన దుర్మార్గుడెవడమ్మా? పేరు చెప్పు, ఆరాధనలో నిలబెట్టి కడిగేస్తా."

సౌందర్యకు క్లాసు బతకాలంటే చెప్పక తప్పదు.

"పేరు దేవదానం, అయ్యగారూ. చీటీలన్నీ మైకుల చదివి, అందరితోని ఆమెన్ అనిపించింది మీరే."