కాలేయపు కావలి

శరత్కాలమున కృష్ణాతీరపు రెల్లుదుబ్బులు తెల్లని పూతతో తలలూపుచుండ, ప్రభాతభానుని లేయెండ ఆరోగ్యశాల గవాక్షమునుండి చొచ్చి సూక్ష్మదర్శినీయంత్రముపై పడుచుండెను. దానియొద్ద, రోగుల ముఖముల నెన్నడును చూడక వారి దేహఖండములను మాత్రమే పరీక్షించి రోగతత్త్వమును నిర్ణయించు వైద్యురాలు హైమవతి కన్ను మరల్పక కూర్చుండియుండెను.

ఆ యంత్రము క్రింద నున్నది పెడన కలంకారీ అద్దకపు పనివాడగు పిచ్చేశ్వరరావు కాలేయమునందలి క్యాన్సర్ గడ్డ ముక్క. ఎంత మందెక్కించినను గడ్డ కరగదయ్యె. కారణమరయగోరి ఆమె, ఒకానొక ఎంజైమున్న చోటనెల్ల గోధుమవన్నె తేలునట్లు ఆ ముక్కకు రంగు పట్టించెను. నిన్న అంతయు ముదురువన్నె తేలినది. రంగు ముదిరినచో తమ చేతినే తప్పుపట్టుట ఈ వృత్తివారికి పరిపాటి గదా! ఆమెయు దానిని పారవైచి మరియొక ముక్కకు రంగు పట్టించెను. నేడును అదే వన్నె. చెంతనున్న ఆరోగ్యవంతమైన భాగము మాత్రము లేతగా నున్నది.

ఔరా! లోనికి వచ్చిన విషమును విరిచివేయుటకై విధాత కాలేయమున కొసగిన ఎంజైమే రోగకణములయందు పెచ్చుపెరిగి, ప్రాణము నిలుపవచ్చిన మందునే విషమని విరిచివేయుచున్నది! ఇంటికుక్క దొంగల పంచన జేరి వైద్యుని కరచినట్లున్నది.

వేరుమందు తప్పదని తెలిసినను పిచ్చేశ్వరరావు సమ్మతింపడయ్యె. అంతట హైమవతి తన వాడుకను విడిచి వానిని పిలిపించెను.

“వాంతులవుతున్నాయంటే మందు లోపల పోరాడుతున్నట్టేగా అమ్మా! ఇప్పుడు మార్చేస్తే పడ్డ బాధంతా బూడిదలో పోసిన పన్నీరేనా?” అని అతడు కన్నీరు పెట్టుకొనెను.

“నా మాట కాదు, మీ కన్నే నమ్మండి. ఇలా వచ్చి చూడండి” అని ఆమె పలికి, ఆ వన్నె కథయంతయు విప్పి చెప్పెను.

అతడు చూచెను. కన్నెత్తి యిట్లనెను:

“మా పనిలో మైనం పట్టినచోట నీలిరంగు ఎక్కదమ్మా. ఎన్నిసార్లు ముంచినా గుడ్డ చివకడమే. కొత్తమందు పనిచేస్తుందా?”

“చేస్తుందని మాటివ్వలేనండీ. దాన్ని మాత్రం ఈ ఎంజైమ్ విరవలేదు.”

అతడు మరల కన్నానించి మెల్లగా ననెను: “చిన్నప్పటినుంచి రంగుల ఆవిర్లు మింగాను తల్లీ. అదంతా విరిచి నన్ను నిలబెట్టింది ఇదేగా! దీన్ని తిట్టడానికి నోరు రావట్లేదు.”

హైమవతి తొలిసారిగా ఒక రోగి ముఖమును తనివిదీర చూచెను. అతడు ఆ ముక్క నుంచిన గాజుపలకకు చేతులు జోడించి మ్రొక్కి, పిమ్మట చికిత్సాగదికి పోయి కొత్తమందు సూదికై ఎడమచేయి చాచెను.