దొర చూసే వైపు

కోడి కార్జాలు ఉడికిన నీళ్ళను యెహెజ్కేలు పారబోయలేదు. ఆ నీళ్ళలోనే రాత్రి మిగిలిన అన్నం మెదిపి డబ్బాలోకి ఎత్తాడు. ముక్కల్ని మాత్రం విడిగా ఆరబెట్టి, గోరంత గోరంతగా తుంచి చొక్కా జేబులో వేసుకున్నాడు. పనిలో ఉన్నంతసేపూ దొరకు జీతం ఆ ముక్కలే. అందుకే ఎంత ఉతికినా అతని జేబులు నీచు వాసన కొట్టేవి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకుని లేచిపోతే బాధపడేవాడు కాదు. సీటంతా తనదేనని కాళ్ళు చాపుకునేవాడు.

దొర అంటే మనిషి కాదు, కుక్క. సినిమాలకు కుక్కల్ని పంపే విశ్వేశ్వరరావుకు ఎల్బీ నగర్ సందుల్లో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఉన్నవన్నీ జాతి కుక్కలు. ఇదొక్కటే మట్టిరంగు ఊరకుక్క. పిల్లగా ఉన్నప్పుడు చంపాపేట్ రోడ్డు మీద కాలు విరిగి పడి ఉంటే, యెహెజ్కేలు కండువాలో చుట్టుకుని తెచ్చాడు. షెడ్డులో దానికి రాకీ అని పేరు పెట్టారు. అతను మాత్రం దొర అనే పిలిచాడు.

"మా తాత, మా నాయిన దొర గడి ముంగట చెప్పులు చేతవట్టుకొని నడిచిన్రు. ఇగ సూడు, దొరే తోక ఊపుకుంట నా ఎంబడి ఒస్తుండు" అని నవ్వేవాడు. ఆ నవ్వులో వెటకారం ఎంతో, ముద్దు ఎంతో అతనికే తెలియదు. ఇప్పుడు ఆ దొరకు మూతి నెరిసింది. వెనక కాళ్ళు పట్టేస్తున్నాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మూడో అంతస్తు మీద ఒక గది, ఒక వంటసాల. అదీ వాళ్ళ కిరాయి ఇల్లు. సాయమ్మ అప్పటికే చీర కొంగు దోపుకుని పనికి తయారై ఉంది. ఆడపిల్లల హాస్టల్లో చపాతీలు చేయడం ఆమె పని. మొగుడు చెప్పులు వేసుకుంటూ గోడ పట్టుకోవడం చూసి ఆగిపోయింది.

"డాక్టరు గుండె పరీక్ష చేయించుకొమ్మన్నడు గదా. ఎప్పుడు పోతవ్?"

"గీ ఒక్క షూటింగ్ కానీయే. రేపు పోదాం."

"నిన్న గూడ గదే అన్నవ్. మెట్లెక్కొచ్చి తలుపు కాడ ఎంతసేపు నిలవడ్డవో నేను సూడలే అనుకున్నవా?"

"ఇయ్యాల దొరది పెద్ద షాటు సాయమ్మా. గది మంచిగొస్తే దొరను మనకే ఇస్తా అన్నడు సారు. ఇంకొక్క దినం ఓపిక పట్టు."

ఆ ముసలి కుక్క ఇంటికి రావడం ఆయనకు ఎంత కావాలో సాయమ్మకు తెలుసు. వాళ్ళకు పిల్లలు లేరు. ఇంటి ఓనరు ఇందిరాదేవిని బతిమాలి ఒప్పించింది కూడా సాయమ్మే. "మెట్ల మీద మురికి చేస్తే మాత్రం మర్నాడే ఖాళీ చేయిస్తాను సాయమ్మా, ముందే చెబుతున్నా" అని ఆ గుంటూరావిడ వేలు చూపించి మరీ ఒప్పుకుంది.

విశ్వేశ్వరరావు చెడ్డవాడేం కాదు. కానీ పని చేయని కుక్కను కూర్చోబెట్టి మేపే రకమూ కాదు. ముసలివాటిని హైవే పక్కన ఎవరిదో ఫారానికి ఇచ్చేసేవాడు. అక్కడ ఎండలో గొలుసుతో కట్టేస్తారు. ఒక్క వానాకాలం దాటిన కుక్క లేదు. ఇంతకుముందు రెండింటిని ఆటోలో తీసుకెళ్ళి అప్పగించి వచ్చింది యెహెజ్కేలే. రెండోది గొలుసు తెంపుకుని ఆటో వెనక చాలా దూరం పరుగెత్తుకొచ్చింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. దొరకు ఆ గతి పట్టకూడదని, పడితే తాను బతికుండీ దండగేనని అప్పుడే అనుకున్నాడు.

నల్లగొండ వైపు పల్లె నుంచి కూలికి వచ్చి, ఇటుకలు మోసి, అపార్టుమెంట్లకు కాపలా కాసి, ఎక్కడా కుదురుకోక చివరికి ఈ షెడ్డు కడగడానికి చేరాడు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమంటారు. యెహెజ్కేలు మాత్రం సంసారాన్ని ఆ తోక పట్టుకునే ఈదాడు. యాభై దాటిన పొట్టి మనిషి, ముందుకు వంగిన భుజాలు, ముంజేతుల నిండా పాత కాట్ల మచ్చలు. షూటింగుల్లో అతని పేరు ఎవరి నోటా తిరిగేది కాదు. అందరికీ అతను కుక్కలాయనే.

ఆ పనిలో ఒక కిటుకు ఉంది. తెర మీద కుక్క గుమ్మం వైపు దిగులుగా చూస్తోందంటే, ఆ గుమ్మం వెనక యెహెజ్కేలు నక్కి ఉన్నాడన్నమాట. మంచం కింద, గడ్డివాము వెనక, ఒకసారి ఏకంగా బీరువాలో! నాలుక అంగిలికి తగిలించి టిక్కుమంటే చాలు, దొర చెవులు రిక్కించి అటే చూస్తూ ఉండిపోయేది. హాల్లో జనం ఆ చూపుకు కరిగి ముక్కులు చీదేవారు. ఇన్ని సినిమాల్లో అతని వెంట్రుక కూడా ఎక్కడా కనబడదు. కనబడితే పని చెడినట్టే.

షెడ్డు నుంచి దొరను ఎక్కించుకుని వ్యాను హైవే పట్టింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఒక ఖాళీ ప్లాటులో శ్మశానం సెట్టు వేశారు. చచ్చిపోయిన గొర్రెల కాపరి సమాధిని వదలని కుక్క కథ అది. డైరెక్టరు అభిలాష్ కొత్త కుర్రాడు. కుక్కంటే నిజంగా ప్రేమ ఉన్నవాడే. మండుటెండలో దొరకు గొడుగు పట్టమని మనిషిని పెట్టాడు. యెహెజ్కేలుకు గొడుగు పట్టాలని మాత్రం అతనికి తోచలేదు. పాపం, ఎవరికీ తోచలేదు.

"కుక్క వచ్చి సమాధి మీద పడుకోవడం కాదు సార్" అన్నాడు అభిలాష్. "తవ్వాలి. లోపల తన మనిషి ఉన్నాడని దానికి తెలుసు. తియ్యాలని చూస్తుంది. ఆ ఫీల్ కావాలి."

విశ్వేశ్వరరావు యెహెజ్కేలు వైపు చూశాడు.

"నేను కిందికి దిగుత సారు" అన్నాడు యెహెజ్కేలు.

మనిషి పట్టేంత గొయ్యి తవ్వించారు. పైన ప్లైవుడ్ పలక వేసి, మట్టి పరిచి సమాధిలా చేస్తారు. తల వైపు, రాయి చాటున, గాలికి సందు ఉంటుంది. విశ్వేశ్వరరావు గోతిలోకి తొంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, ఉండగలవా లోపల? ఒంట్లో బాగానే ఉందిగా? అదోలా ఉన్నావు."

ఉన్న మాట చెబితే సరిపోయేది. షాటు మరో రోజుకు పడేది, లేదా బొమ్మ కుక్కతో లాగించేవారు. దొర ఫారానికి పోయేది.

"మంచిగనే ఉన్న సారు. ఎండకు గట్లనిపిస్తుంది. దొర సంగతి మాత్రం..."

"ఇచ్చేశాననుకో. ఈ షాటు కానివ్వు, సాయంత్రం నీ ఇంటికే తీసుకుపో."

యెహెజ్కేలు ముఖం వెలిగిపోయింది. గోతిలోకి కాళ్ళు దించుతూ అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఒక్క మాట. నేను కిందికెల్లి రెండుసార్లు తట్టేదాక ఎవ్వలు దాని జోలికి పోవద్దు. తవ్వనీయుండ్రి, ఒర్రనీయుండ్రి. నడుమల ఎవలన్న చెయ్యేసిన్రనుకో, ఇగ అది ఈ దినం పని చెయ్యది."

పలక మూసుకుంది. పైన పారలతో మట్టి పడింది.

బొంద అంటే అతనికి భయం లేదు. ఊళ్ళో ఎవరు పోయినా బొంద తవ్వింది అతని తండ్రే. అన్నం మూట పట్టుకుని గట్టు మీద కూర్చున్నది అతనే. లోపల చల్లగా ఉంటుందనుకున్నాడు గానీ, కాగిన మట్టి ఆవిరి కక్కుతోంది. మోకాళ్ళు ముడుచుకుని, కార్జం ముక్కను పలక అడుగున రుద్దాడు. పైనుంచి "యాక్షన్" వినబడింది. నాలుకతో టిక్కుమన్నాడు.

గోళ్ళ చప్పుడు దగ్గరకొచ్చింది. ఆగింది. మూలుగు వినబడింది. తర్వాత మట్టి రాలడం మొదలైంది. ఒచ్చినవా బిడ్డా అనుకున్నాడు యెహెజ్కేలు. ఎన్నేళ్ళు చేసినా ఆ క్షణం అతనికి సంతోషంగానే ఉంటుంది. లోకంలో తన కోసం వెతికే ప్రాణి ఒకటి ఉందని అప్పుడే కదా తెలిసేది!

అంతలో ఎడమ భుజం నుంచి దవడ దాకా ఏదో గుంజింది. రొమ్ము మీద బండ పెట్టినట్టయింది. తట్టడానికి చెయ్యెత్తాడు. ఇప్పుడు తడితే షాటు పోతుంది. షాటు పోతే దొర పోతుంది. కట్ అననీ, అప్పుడు తడతా అనుకుని చెయ్యి దించేశాడు. పైన గోళ్ళు పలకను బరుకుతున్నాయి. ఒక మూల సందు పడింది కాబోలు, దొర ఊపిరి వెచ్చగా అతని ముఖానికి తగిలింది. నీచు వాసన, తన జేబుల వాసనే. సరేలే, ఈడనే ఉన్న అని చెబుదామని నాలుకను అంగిలికి ఆనించాడు. టిక్కుమనలేదు.

పైన అభిలాష్ "కట్" అన్నాడు. దొర ఆగలేదు. మట్టి ఎగజిమ్ముతూ, మూతి పలకకు ఆనించి ఏడుస్తూ, మళ్ళీ తవ్వింది. తట్టేదాకా ముట్టుకోవద్దని కుక్కలాయన చెప్పాడు కదా! అందుకని ఎవరూ కదలలేదు. "కెమెరా ఆపకండి" అని అభిలాష్ గుసగుసలాడాడు. మేకప్ చేసే అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. లైట్లు మోసేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అభిలాష్ విశ్వేశ్వరరావు చెయ్యి పట్టుకుని, "ఇలాంటిది నేను ఎక్కడా చూడలేదు సార్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దొర పంజాల నుంచి నెత్తురు కారడం విశ్వేశ్వరరావు చూశాడు. "ఇక చాలయ్యా యెహెజ్కేలూ, తట్టు" అని కేక వేశాడు. మళ్ళీ కేక వేశాడు. తర్వాత తనే ముందుకు పరుగెత్తి, చేతులతో మట్టి తోడడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలాక ఆ కబురు సాయమ్మకు చపాతీల పీట ముందు అందింది.

అంత్యక్రియల ఖర్చంతా విశ్వేశ్వరరావే పెట్టుకున్నాడు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు నటన కాదు. కానీ తర్వాత సాయమ్మ షెడ్డుకు వెళ్ళి దొరను అడిగినప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"అమ్మా, ఆ షాటు చూసిన ప్రతివాడూ నాకు ఆ కుక్కే కావాలంటున్నాడు. ఇప్పుడు ఎలా ఇవ్వను చెప్పు?"

"మాటిచ్చినవట గద సారు."

"ఇచ్చాను. కాదనను. కానీ..."

షాటు బాగొస్తే ఇస్తానన్నాడు. మరీ బాగొచ్చింది, అందుకే ఇవ్వలేదు. ఎంత అన్యాయమండీ ఇది! సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నడిచి వచ్చేసింది.

సినిమా దిల్‌సుఖ్‌నగర్‌లో కూడా ఆడింది. ఆ షాటును అలాగే ఉంచారు. హాస్టల్ పిల్లలు ఎర్రబడ్డ కళ్ళతో భోజనాలకు వచ్చి, "ఆంటీ, కుక్క ఏం యాక్టింగ్ చేసింది ఆంటీ! మీరు తప్పకుండా చూడాలి" అన్నారు. ఆమె ఎవరి భార్యో వాళ్ళకు తెలియదు. సాయమ్మ వాళ్ళ కంచాల్లో చపాతీలు వేసి, "ఇంకోటి వెయ్యనా బిడ్డా?" అని అడిగింది.

దొర మళ్ళీ ఏ సెట్టు మీదా పని చేయలేదు. ఎవరు ముక్క చూపించినా తల తిప్పలేదు. వ్యాను దింపిన చోటల్లా మూతి నేలకు ఆనించి వాసన చూసేది, తవ్వబోయేది. నాలుగు చోట్ల మాటపడ్డాక విశ్వేశ్వరరావుకు విసుగొచ్చింది. కొత్తగా కుదిరిన మనిషి దాన్ని ఆటోలో హైవే పక్క ఫారానికి తీసుకెళ్ళి కట్టేసి వచ్చాడు.

ఆ సంగతి సాయమ్మకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజే పని మానుకుని బస్సెక్కింది. ఫారంలో ఒకావిడ గేదెకు గడ్డి వేస్తూ, "గా మట్టిరంగు ముసలిదా? తిండి ముట్టలే అక్కా. పోయిన వారమే సచ్చిపోయింది" అంది.

తిరిగి వస్తూ సాయమ్మ అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బస్సు దిగి, దారి అడుగుతూ ఆ ప్లాటుకు వెళ్ళింది. సెట్టు ఎప్పుడో విప్పేశారు. గొయ్యి పూడ్చేసి, చదును చేశారు. పనికొచ్చే సామాను అంతా లారీల్లో పోయింది. చెడిపోయిందని ఒక్క ప్లైవుడ్ పలకను మాత్రం ప్రహరీ గోడకు ఆనించి వదిలేశారు. వానకు ఉబ్బి, ఎండకు పొరలు విచ్చుకున్న ఆ పలక మీద గోళ్ళ గీతలు ఒకదాని మీద ఒకటి లోతుగా దిగి ఉన్నాయి. ఒక మూల, నెత్తురు నల్లగా అట్టకట్టిన చోట, అరచెయ్యి పట్టేంత చిల్లు పడి ఉంది.