రెండోసారి వేసిన సూది

లింగంపేటలోని తమ్ముడి ఇంటికి సలోమి చేరేసరికి తొమ్మిదైంది. తండ్రి అబ్రాహాము మంచం మీద ఒక్కడే కూర్చున్నాడు. తమ్ముడు నగేశ్ కామారెడ్డిలో డ్యూటీకి పోయాడు. మరదలు రూత్ చుట్టిన బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోయింది.

“షుగరు సూది ఇచ్చిందా బాపూ?”

“ఎవలిస్తరు బిడ్డా? పొద్దటి సంది నన్ను చూసినోళ్లే లేరు.”

సలోమికి ఒళ్లు మండింది. రూత్ బాపును సరిగ్గా చూడటం లేదని ఆమెకు ఎప్పటి నుంచో అనుమానం. నిరుడు ఎల్లారెడ్డిలో తన ఇంట్లో ఉంచుకున్నప్పుడు రోజూ తానే సూది వేసేది. ఇప్పుడూ ఫ్రిజ్‌లోంచి మందు తీసి తానే వేసింది. అన్నం కలిపి పెడితే ఆయన రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టాడు.

పది దాటాక రూత్ వచ్చింది. “వదినె, ఎప్పుడొచ్చినవ్? పొద్దుగాల సూది ఇచ్చినంక మామ సరిగ తినలే. ఇప్పుడేమన్న తిన్నడా?” అంది.

అంటే తాను వేసింది రెండో సూదని సలోమికి అర్థమైంది. చెప్పకుండా ఉంటే ఏమవుతుందని కూడా ఒక్క క్షణం అనిపించింది. మంచం వైపు చూసింది. బాపు బనీను చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి.

“రూతూ, నేను మల్ల ఇచ్చిన. ఇయ్యలేదన్నడు.”

రూత్ పరుగున పోయి చక్కెర నీళ్లు కలిపి తెచ్చింది. రెండు గుక్కలు దిగాయి. మూడోది పెదవి పక్క నుంచి కారిపోయింది. ఆయన కళ్లు తేలేశాడు.

“ఇగ పొయ్యొద్దు, ఊపిరికి అడ్డం పడతది. పక్కకు తిప్పి పట్టుకో!” అంటూ రూత్ 108కి ఫోన్ చేసింది.

బండి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. “బాపూ, నేను సలోమిని, నన్ను చూడు” అని ఆమె పిలుస్తూనే ఉంది. ఆయన పలకలేదు. బండిలో గ్లూకోజ్ ఎక్కించాక, ఎల్లారెడ్డి ఆసుపత్రి ఇంకా రాకముందే కళ్లు తెరిచి, “ఏడికి పోతున్నం?” అన్నాడు. సలోమి బోరున ఏడ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు, “రెండుసార్లు ఎవరు వేశారు?” అని అడిగాడు.

“నేనే సార్. ఎవల్నీ అడగకుండ ఇచ్చిన.”

షుగరు మళ్లీ పడిపోవచ్చు, రేపటిదాకా ఇక్కడే ఉంచాలన్నాడు డాక్టరు. వరండాలోకి వచ్చాక రూత్ సలోమి వైపు తిరిగింది.

“ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె గద వదినె. ఆరు నెలల సంది మతిమరుపు. తిన్నంక గూడ తినలేదంటడు. వాడకట్టోళ్లకు గూడ గట్లనే చెప్తడు.”

“నాకెన్నడు చెప్పకపోతివి?”

“చెప్తే నమ్ముదువా?”

నిజమే, తాను నమ్మి ఉండేది కాదు. సలోమి తాను వంట చేసే హాస్టలుకు ఫోన్ చేసి పది రోజులు సెలవు అడిగింది. “ఇంటికి పోయినంక బాపును నేను చూసుకుంట. నువ్వు బిచ్కుందల తల్లిగారింటికి పోయి మీ అవ్వ కాడ ఉండిరా.”

రూత్ ఆమెను బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. తరువాత, మామ ఏ వేళకు లేస్తాడో, ఎందుకు కోపం తెచ్చుకుంటాడో, బాత్రూంలో ఎక్కడ పట్టుకోవాలో ఒక్కొక్కటే చెప్పసాగింది. సలోమి మధ్యలో అడ్డు రాకుండా విన్నది.