ఊరందరికీ ఒకటే మెయిల్

వసంతకు అసూయ కొత్త కాదు. మొగుడు ధర్మేందర్ ఆటోలో ముందు సీటు పక్కన ఆడమనిషి కూర్చుందని తెలిస్తే చాలు, ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువయ్యేది. కానీ కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ వేసవిలో ఆమె కడుపులో రాజుకున్నది కుంపటి.

కారణం స్రవంతి. వీధి చివరి ఇల్లు. ఆమె మొగుడు అఖిల్ ముప్పై నాలుగేళ్లకే కరోనాతో పోయాడు. నాలుగేళ్ల బిడ్డ ఉంది. పుట్టిల్లు గూడూరు దగ్గర. అక్కడ కూడా ఇంటిల్లిపాదీ జ్వరాలతో మంచాన పడ్డారు, వచ్చే దిక్కు లేదు. లాక్‌డౌన్ సడలింపు పొద్దున పదింటిదాకానే. ఆలోగా స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లొచ్చే ధర్మేందర్ కూరగాయల సంచి ఒకటి ఇంటికి తెచ్చేవాడు, ఇంకొకటి స్రవంతి గేటుకు తగిలించేవాడు.

మొదట 'పాపం' అన్నది వసంతే. ఆ పాపం వారం కూడా నిలవలేదు. ఒకరోజు స్రవంతి గేటు లోపలి నుంచి "ధర్మేందర్ బావా, బిడ్డకు పాల పాకెట్ దొరుకుతదా?" అని అడగడం చెవిన పడింది. ఆ 'బావా' మిషను సూదిలా దిగింది. వసంత ఇంట్లో బట్టలు కుడుతుంది. మార్చిలో స్రవంతికి జాకెట్టు కుట్టింది కూడా ఆమే. ఆ పిల్ల నడుము కొలత అంగుళాలతో సహా గుర్తుంది. గుర్తు లేకపోతే బాగుండేది.

మర్నాడు ధర్మేందర్ స్నానానికి పోగానే ఫోన్ అందుకుంది. గూగుల్ తెరిస్తే వెతికినవన్నీ వరుసగా కనిపించాయి.

'మనిషి పోయినంక నిద్ర పట్టకపోతే ఏం చెయ్యాలె.'

'ఊకె ఏడుపొస్తే ఏ డాక్టరుకు చూపియ్యాలె.'

'చిన్నపిల్లకు నాయిన పోయిండని ఎట్ల చెప్పాలె.'

వసంతకు ఒళ్లు మండిపోయింది. ఏప్రిల్‌లో తనకు నూట మూడు జ్వరం వచ్చిననాడు ఈ మహానుభావుడు చూసింది క్రికెట్ స్కోరు! ఇప్పుడు ఆవిడ నిద్ర కోసం, ఆవిడ ఏడుపు కోసం గూగులంతా గాలిస్తున్నాడు.

తల తుడుచుకుంటూ వచ్చిన మనిషిని గుమ్మంలోనే పట్టుకుంది. "ఆమెకు నిద్ర పడ్తలేదని నీకెట్ల తెలుసు? పక్కన పండుకొని చూసినవా?"

"ఏందే నీ లొల్లి? పొద్దుపొద్దున్నే పరేషాన్ చేస్తున్నవ్. నాకు తెలుగుల టైపు చేసుడే రాదు."

"మరి ఫోను అబద్ధమాడుతదా?"

"మా అవ్వ మీద ఒట్టు. నేను కొట్టలే."

రుజువు మొహాన పెడదామని వసంత మళ్లీ తెరిచింది. అన్నిటికన్నా పైన కొత్త వరుస ఒకటి వచ్చి కూర్చుంది: 'కషాయం ఎక్కువైతే కడుపుల మంట ఎట్ల తగ్గుతది.'

ధర్మేందర్ తడి చేతులు రెండూ పైకెత్తాడు. "గిది గూడ నేనే కొట్టిన్నా?"

అప్పుడు గుర్తొచ్చాడు శశిధర్. అంతకుముందు ఏడాది పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పుడు, వీధిలో సగం మంది ఘన్‌పూర్‌లో అతని కొట్లోనే ఫోన్లు కొన్నారు. మెయిల్ అడిగితే ఒక్కరికీ లేదు. "మెయిల్ లేకుంటే ఫోను నడువదక్కా. నాది పెడుత తియ్యి" అని అందరి ఫోన్లలో తన మెయిలే పెట్టి పుణ్యం కట్టుకున్నాడు. ఏడాదిగా ఎవరు ఏం అడిగినా ఒకటే కుండలో పడుతోంది. ఎవరికి వాళ్లు తమ ఒక్కరి ఫోన్‌తోనే మాట్లాడుతున్నామనుకున్నారు.

మొగుడు దొంగ కాదని తేలి వసంతకు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆపలేదు, వేలితో కిందికి తోస్తూ పోయింది. 'వాసన వస్తలేదు, ఎన్ని రోజులు బతుకుత.' దాని కిందే, 'కరోనా ఎడ్లకు గూడ వస్తదా.' వీధిలో ఎడ్లున్నది కొమురెల్లి ఒక్కడికే. రోజూ మీసం మెలేసి "నాకేమైతది?" అనే కొమురెల్లికి! గోడ మీద నుంచి "మంచిగున్నం" అని చెప్పినవాళ్లంతా లోపల గజగజలాడుతూనే ఉన్నారు.

ఒక ప్రశ్న మాత్రం మళ్లీ మళ్లీ వస్తోంది. రోజుకొకసారి, ఒక్కోరోజు రెండుసార్లు.

'కరోనాతోని పోయినోళ్ల ఇంటికి ఎన్ని రోజులకు మనుషులు వస్తరు.'

ఆ పొద్దుటిది ఇంకొకటి. 'తల్లి గూడ పోతే బిడ్డను సర్కారు హాస్టల్‌ల తీసుకుంటరా.'

అడిగిందెవరో ఒకరు చెప్పాలా? చావైన ఇంట్లో పొయ్యి వెలగదు. వాడకట్టోళ్లే వండుకొచ్చి, పక్కన కూర్చుని, వద్దన్నా తినిపించాలి. అఖిల్ పోయిననాడు ఆ గడప ఎవరూ తొక్కలేదు. వసంత మొదట రోగానికి భయపడి పోలేదు. తర్వాత కుళ్లుతో పోలేదు. ఆ రెండో సంగతి తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

అన్నం, పప్పుచారు గిన్నెల్లో సర్దింది. ధర్మేందర్ చెప్పులు తొడుక్కోబోయాడు.

"నువ్వు కూసో. ఇగ సంచులు మోసుడు నా పని." కుంపటి పూర్తిగా ఆరిందని ఎవరన్నారు?

రెండు మాస్కులు కట్టుకుని వెళ్లి తలుపు తట్టింది. స్రవంతి చాలాసేపటికి, చేతిలో ఫోన్‌తోనే వచ్చి తీసింది. వసంత సిగ్గులేని కళ్లు, ఆమె ముస్తాబై ఉందేమోనని ముందు అదే వెతికాయి. ఒంటి మీద మార్చిలో కుట్టిన జాకెట్టే ఉంది, కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. అన్ని అంగుళాలు ఎటు పోయాయో!

"ఫోను అవుతల పెట్టు" అంది వసంత. "ఇయ్యాల గూడూరుకు నేను ఫోన్ చేస్త. రేపు నిన్ను డాక్టరుకు చూపిస్త. ముందుగాల తిను, నా ముందల్నే తిను."

స్రవంతి గిన్నె అందుకోలేదు. వసంత వెనక వీధిలోకి చూసి, మళ్లీ వసంత మొహంలోకి చూసింది.

"ఇరవై ఆరు రోజులకక్కా" అంది.

ఆ లెక్క దేనిదో వసంతకు తెలుసు. గడప దాటి లోపల కూర్చుంది.