అక్క విమానం లెక్క

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, అక్క ఇంటర్వ్యూకి విమానం చూసే పని నాకే పడింది. ఇంటర్వ్యూ పదింటికి. రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని విమాన వేగంతో భాగించి, "రెండు గంటలే. ఏడింటికి ఎక్కితే తొమ్మిదికల్లా అక్కడుంటావు," అని తేల్చేశాను.

లారీ నడిపే నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "లోడింగు, అన్‌లోడింగు ఎవరు లెక్కేస్తార్రా? దిగాక ఊళ్లోకి వెళ్లొద్దూ?"

"విమానానికి అవన్నీ ఉండవు నాన్నా," అన్నాను, ఇంతవరకూ విమానం మొహం చూడని నేను.

అక్క ఫోన్ లాక్కుని ముందురోజు విమానానికి టికెట్ తీసింది. "నీ లెక్క బాగానే ఉందిరా. అందులో నన్ను ఎక్కించడమే మర్చిపోయావు."

నా చదువుకు తగ్గ పని ఇంకొక్కటే మిగిలింది. అటకెక్కి ఆమె సూట్‌కేసు దించాను.