రెండు గంటల తర్వాత వద్దు

మెసేజ్ వచ్చేసరికి సంయుక్త జిండెల్ఫింగెన్‌లో ఆఫీసు క్యాంటీన్ క్యూలో నిలబడి ఉంది. తెలియని నంబరు. తెరిస్తే జర్మన్‌లో ఉంది, ఒక్క తప్పు లేకుండా.

"చీ సంయుక్తా, నేను లియెన్‌ని. కాట్ బా ద్వీపంలో లియెన్. గుర్తున్నానా? అప్పుడు నువ్వు రాసిచ్చిన నంబరు దాచుకున్నాను. పది రోజుల క్రితం జర్మనీ వచ్చాను. జార్‌బ్రూకెన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తూ నర్సింగ్ నేర్చుకుంటాను. ఈ దేశంలో నాకు తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం చిరునామా నమోదుకి, అదే అన్మెల్డుంగ్‌కి, అపాయింట్‌మెంట్ దొరికింది. వీలైతే తోడు వస్తావా? నీతో చెప్పాల్సిన మాట కూడా ఒకటి ఉంది."

వియత్నాం వాళ్లు అక్కని 'చీ' అంటారు. ద్వీపంలో దిగిన కొత్తలో ఆ పిలుపుకి సంయుక్త పగలబడి నవ్వింది. మా భాషలో అలా అంటే అసహ్యించుకోవడమని చెబితే లియెన్ కంగారుపడి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇప్పుడు ఆ మాట చదువుతుంటే నవ్వు రాలేదు. ట్రేలో పెట్టించుకున్న అన్నం అలాగే తిరిగిచ్చేసింది.

సాయంత్రం ప్రవీణకి చెప్పింది. ప్రవీణది వరంగల్. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే అద్దె ఇల్లు.

"పోయి రా. గింత ఆలోచన దేనికి?" అంది ప్రవీణ ఉల్లిపాయలు తరుగుతూ. "కొత్త దేశంల ఒక్కతే ఉన్నది పిల్ల. మనం వచ్చిన్నాడు ఎవరో ఒకరు తోడు రాలేదా?"

"లీవ్ దొరుకుద్దో లేదో."

"శుక్రవారం లీవ్ ఎందుకు దొరకది? అవునే, అసలు ఎవరీ లియెన్? నీ కయాక్ కథ మస్తుసార్లు విన్న. గుహ లోపల ఇరుక్కున్నరు, చేపలాయన వచ్చి తీసిండు. అందుల ఈమె పేరు ఎన్నడు రాలే గదా."

సంయుక్త స్టవ్ దగ్గరికెళ్లి పాలగిన్నె దించింది.

ప్రవీణ అన్నది నిజమే. ఆ కథ ఎన్ని పుట్టినరోజు పార్టీల్లో చెప్పిందో లెక్కలేదు. డచ్ కుర్రాడు ఎలా కేక పెట్టాడో అనుకరిస్తే అందరూ పడిపడి నవ్వేవాళ్లు. లియెన్ పేరెత్తితే ఆమెకి ఏమైందో కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకే మొదటిసారి చెప్పినప్పుడే ఆమెని వదిలేసింది. చెప్పగా చెప్పగా ఆమె లేని కథే అసలు కథైపోయింది.

మూడేళ్ల క్రితం సంగతి. జార్‌బ్రూకెన్‌లో ఎం.ఎస్. పూర్తయింది, ఉద్యోగంలో చేరడానికి రెండు నెలల వ్యవధి ఉంది. వీపుకి బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని సంయుక్త ఒక్కతే వియత్నాం వెళ్లింది. కాకినాడలో అమ్మానాన్నలకి మాత్రం ఫ్రెండ్స్‌తో టూర్ అని చెప్పింది. కాట్ బాలో బ్యాక్‌ప్యాకర్లు దిగే ఒక చిన్న హాస్టల్లో నెల రోజులు పనికి కుదిరింది. పరుపుల మీద దుప్పట్లు మార్చడం, వచ్చినవాళ్ల పాస్‌పోర్టు వివరాలు రాసుకోవడం, బార్‌లో గ్లాసులు కడగడం. అందుకు బదులు ఒక మంచం, రెండు పూటల తిండి. మిగిలిన పొద్దంతా ఆమెదే. అద్దె స్కూటర్ మీద కొండలెక్కింది, పడవ అంచు మీంచి సముద్రంలోకి దూకింది. అప్పటిదాకా ఎవరో ఒకరిని అడగకుండా ఏ పనీ చేసి ఎరగని పిల్లకి ఆ నెల తలకెక్కింది.

లియెన్ ఆ ద్వీపం పిల్లే. అప్పటికి ఇరవై ఏళ్లు. హాస్టల్లో రిసెప్షన్, కయాక్‌లనే సన్నటి తెడ్డు పడవల తాళం చెవి ఆమె బాధ్యత. రోజూ పొద్దున్నే సముద్రపు పోటు, పాటు ఎన్ని గంటలకో చూసి చెప్పేది. అక్కడి కొండల అడుగున తక్కువ ఎత్తు గుహలుంటాయి. నీరు తగ్గే పాటు సమయంలో కయాక్ మీద వెల్లకిలా పడుకుని దూరిపోతే అవతల చుట్టూ కొండలతో గుండ్రటి మడుగు వస్తుంది. పోటు ఎక్కితే గుహ మూతబడుతుంది.

ఆ రోజు పొద్దున లియెన్ రెండు వేళ్లు చూపించి, తనకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పింది. "టూ ఓ క్లాక్. ఆఫ్టర్ టూ, నో కయాక్." సంయుక్త తలూపింది.

రెండున్నరకి యోరిస్ అనే డచ్ కుర్రాడూ అతని స్నేహితురాలూ వచ్చారు. మర్నాడు వెళ్లిపోతున్నారు, ఆ మడుగు చూడకుండా ఎలా పోతామన్నారు. "నువ్వు గైడ్‌వే కదా?" అన్నాడు యోరిస్. ఆ ఒక్క మాట చాలింది. లియెన్ మేడమీద దుప్పట్లు ఆరేస్తోంది. తాళం చెవి డ్రాయర్లో ఉంది.

మడుగులో అరగంట అద్భుతంగా గడిచింది. తిరిగి చూస్తే గుహ లేదు, నీళ్లే ఉన్నాయి. ఈది బయటపడదామని యోరిస్ మునిగాడు. రాళ్లకి అతుక్కున్న ఆల్చిప్పలు అతని చేతిని మోచేతి దాకా చీరేశాయి. కయాక్‌లు కనపడక లియెన్ తన మేనమామకి ఫోన్ చేసింది. ఆయన సముద్రం మీద తేలే చెక్క ఇంట్లో ఉంటూ వలగూళ్లలో చేపలు పెంచుతాడు. తాడు నడుముకి కట్టుకుని నీళ్ల కింది నుంచి లోపలికొచ్చి ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా బయటికి లాగాడు. ఆఖరున అల తోసి పడవ రాతికి కొట్టుకుంది. మధ్యలో ఆయన ఎడమ చెయ్యి. రెండు వేళ్లు నలిగిపోయాయి.

హాస్టల్ యజమాని క్వాంగ్ ఇంగ్లిష్‌లో అడిగాడు, కయాక్‌లు ఎవరిచ్చారని. తడిబట్టలతో వణుకుతున్న సంయుక్త గబగబా అంది: "లియెన్ తాళం ఇచ్చింది. నాలుగింటిదాకా ఫర్వాలేదంది."

లియెన్ పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. సంయుక్త కోసం తెచ్చిన తువ్వాలే. అంత వేగంగా అన్న మాటల్లో ఆమెకి తన పేరు తప్ప ఏమీ తెలియలేదు. క్వాంగ్ అటు తిరిగి తమ భాషలో ఏదో అడిగాడు. ఆమె డ్రాయర్ వైపు చూసి చిన్న జవాబిచ్చి తల వంచుకుంది. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. ఆ పై రోజు సంయుక్త బ్యాగు సర్దుకుని పడవెక్కేసింది.

శుక్రవారం రైల్లో మాన్‌హైమ్ దాటేదాకా వెనక్కి వెళ్లిపోదామనే అనుకుంది. లియెన్ చెప్పాల్సిన మాట ఏమిటో తనకి తెలుసు అనుకుంది. మొహం మీద అడిగేస్తుంది. అడిగితే ఒప్పుకుంటాను, అనుకుంది. అడగకపోతే?

లియెన్ గది మూడో అంతస్తులో ఉంది. తలుపు తీసి, ఒక్క క్షణం తేరిపార చూసి కౌగిలించుకుంది. కొద్దిగా లావైంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వంటగదిలో నూడుల్స్ సూప్ పొగలు కక్కుతోంది. నువ్వు మాంసం తినవు కదా, పుట్టగొడుగులతో చేశానంది. అది కూడా గుర్తుపెట్టుకుంది.

ఇద్దరూ జర్మన్‌లోనే మాట్లాడుకున్నారు. సూప్ వడ్డించి లియెన్ కూర్చోలేదు.

"తినే ముందు నా మాట చెప్పనీ. మూడేళ్ల నుంచి దాచుకున్నాను. అప్పుడు చెప్పడానికి భాష లేదు." రెండు చేతులూ ముందు పెట్టుకుని నిలబడింది. "ఆ రోజు తప్పు నాది. నన్ను క్షమించు."

సంయుక్త బిత్తరపోయి చూసింది.

"తాళం చెవి జేబులో ఉండాలి. డ్రాయర్లో పడేసి పైకెళ్లాను. అదొకటి. రెండోది ఇంకా పెద్దది. పొద్దున నీకు 'టూ ఓ క్లాక్' అన్నాను. నాకొచ్చిన ఇంగ్లిష్ అంతే; తర్వాతి ముక్క సరిగ్గా పలికానో లేదో. రెండింటికి వెళ్లమన్నానో, రెండు దాటితే వద్దన్నానో నీకెలా తెలుస్తుంది? నీ ప్రాణం పోయేది. మామయ్య వేళ్లు పోయాయి. నాకు సరిగ్గా చెప్పడం చేతకాక." ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "అందుకే జర్మన్ పట్టుబట్టి చదివాను. ఇక్కడ ముసలివాళ్లకి ఏ మందు ఎన్ని గంటలకో చెప్పాలి. నా మాట ఇంకెవరికీ తప్పుగా అర్థం కాకూడదు."

సంయుక్త కుర్చీ ముందుకి జరుపుకుంది. "పోనీలే లియెన్. అయిపోయింది కదా," అంది.

ఆ మాట వినగానే లియెన్ మొహం విప్పారింది. కళ్లు తుడుచుకుని, "థాంక్స్, చీ. థాంక్స్," అంటూ కూర్చుని, సంయుక్త గిన్నెలో ఇంకో రెండు పుట్టగొడుగులు వేసింది. ఇక్కడి చలి గురించి, ఆశ్రమంలో తన పేరు నోరు తిరగక 'లేనీ' అని పిలిచే తొంభై ఏళ్ల ముసలామె గురించి చెప్పసాగింది. సంయుక్త చెంచా ఎత్తి నోట్లో పెట్టుకుంది. మింగుడుపడలేదు. చెయ్యని తప్పుకి ఈ పిల్లని తను క్షమించింది. ఈ పిల్ల తనకి థాంక్స్ చెప్పింది.

చెంచా కింద పెట్టేసింది. "లియెన్, నువ్వు సరిగ్గానే చెప్పావు."

"ఏమిటి?"

"ఆ రోజు పొద్దున. నువ్వు సరిగ్గానే చెప్పావు. రెండు తర్వాత వద్దని. నాకు అర్థమైంది."

లియెన్ ఇంకా చిన్నగా నవ్వుతూనే ఉంది, పరాయి భాషలో ఏదో పొరపాటుగా విన్నట్టు. "అర్థమైందా?"

"అర్థమయ్యే వెళ్లాను. డ్రాయర్ తెరిచి తాళం నేనే తీసుకున్నాను. క్వాంగ్ అడిగితే, నువ్వే ఇచ్చావని చెప్పాను. నాలుగింటిదాకా ఫర్వాలేదని నువ్వన్నావని చెప్పాను."

జర్మన్‌లో ఇంతకంటే మెత్తగా చెప్పే మాటలు ఆమెకి తెలుసు. వాడలేదు.

లియెన్ నవ్వు ఆగిపోయింది. గిన్నె పక్కకి జరిపింది. పక్క గదిలో ఎవరో వాషింగ్ మెషీన్ వేశారు.

"క్వాంగ్ నన్ను తాళం ఎక్కడ పెట్టావని మాత్రమే అడిగాడు. ఏడాదిపాటు ఊళ్లో ఎవరూ నాకు పనివ్వలేదు," అంది చివరికి. ఈసారి చీ అనలేదు. "అమ్మ తిట్టింది, ఫర్వాలేదు. మామయ్య తిట్టలేదు. నాతో మాట్లాడ్డమే మానేశాడు. చిన్నప్పటి నుంచి ఆయన పడవలో తిరిగినదాన్ని. మళ్లీ ఎక్కనివ్వలేదు. నిర్లక్ష్యం మనిషిని పడవ ఎక్కించుకోనన్నాడట."

"నేను..."

"ఆగు." లియెన్ ఫోన్ తీసింది. "ఇప్పుడు అక్కడ సాయంత్రం ఐదు. మామయ్యకి చెప్పు."

వీడియోలో ముందు నీళ్లూ, వల ఆరేసిన కర్రలూ కనిపించాయి. తర్వాత నల్లటి బక్కపల్చటి మొహం. మేనకోడలిని చూసి ఆయన ఆశ్చర్యపోయాడు, వెనక కూర్చున్న సంయుక్తని చూసి ఇంకా ఆశ్చర్యపోయాడు. సంయుక్త జర్మన్‌లో ఒక్కో వాక్యం చెప్పింది. లియెన్ ఒక్కో వాక్యం తమ భాషలోకి మార్చి చెప్పింది. "లియెన్ వద్దంది." ఆపి, అనువాదం. "నేను వినలేదు." అనువాదం. "తర్వాత అబద్ధం చెప్పాను." ఇక్కడ లియెన్ గ్లాసు అందుకుంది. నీళ్లు తాగి, అదీ చెప్పింది. ఆ మాట ఆమె చేతే పలికించాల్సి వచ్చినందుకు సంయుక్త తలెత్తలేకపోయింది.

ఆయన పక్కనున్న వల కర్ర ఒకటి సరిచేశాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు.

"ఆ డచ్ కుర్రాడి చెయ్యి బాగైందా అంటున్నాడు," అంది లియెన్.

సంయుక్తకి తెలియదు. ఎప్పుడూ కనుక్కోలేదు. "తెలియదు," అంది.

ఆయన ఎడమ చెయ్యి ఒకసారి తెర మీదకొచ్చింది. రెండు వేళ్లు వంగవు, కర్రపుల్లల్లా నిటారుగా ఉన్నాయి. అప్పుడాయన లియెన్‌తో మాట్లాడడం మొదలుపెట్టాడు, నెమ్మదిగా, చాలాసేపు. లియెన్ లేచి కిటికీ దగ్గరికెళ్లి అటు తిరిగి వింది. మధ్యలో తన పేరు రెండుసార్లు సంయుక్తకి వినిపించింది. మిగతాది ఒక్క ముక్క తెలియలేదు. లియెన్ భుజాలు కదులుతున్నాయి.

ఫోన్ పెట్టేశాక సంయుక్త అడిగింది. "ఏమన్నారు?"

"అది నాకు చెప్పిన మాట," అంది లియెన్ మొహం తుడుచుకుంటూ.

టేబుల్ మీద అన్మెల్డుంగ్ కాగితాలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఇంటి యజమాని సంతకం చేసిన ఫారం, పాస్‌పోర్టు, అన్నీ. సంయుక్త వాటి వైపు చూసి, "అపాయింట్‌మెంట్‌కి టైమవుతోంది. తోడు రానా?" అంది.

"వద్దు. నా జర్మన్ చాలు."

ఇద్దరూ కలిసే మెట్లు దిగారు. లియెన్ బస్సు ముందొచ్చింది. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "వచ్చి చెప్పావు. కానీ ఎందుకింత ఆలస్యం?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. సంయుక్త ఒక అడుగు ముందుకేసేసరికి బస్సు తలుపులు మూసుకున్నాయి.

ఇంటికొచ్చిన రాత్రే ప్రవీణకి కథంతా మళ్లీ చెప్పింది, లియెన్‌తో సహా. ప్రవీణ ఎక్కడా నవ్వలేదు. "నువ్వు గిట్ల చేస్తవనుకోలే," అంది, లేచి వెళ్లి పడుకుంది. రెండు రోజులు ముభావంగానే ఉంది.

సంయుక్త యోరిస్‌ని వెతికి పట్టుకుని రాసింది. చెయ్యి బాగానే ఉందనీ, మచ్చ అందరికీ చూపిస్తుంటాననీ సరదాగా జవాబిచ్చాడు. ఆ జవాబు ఆమెకి ఏ ఊరటా ఇవ్వలేదు. క్వాంగ్‌కి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి, నకలు లియెన్‌కి పంపింది. క్వాంగ్ నుంచి ఏమీ రాలేదు. లియెన్ నుంచి కూడా అయిదు వారాలు ఏమీ రాలేదు.

తర్వాత ఒక సోమవారం పొద్దున ఒక్క వాక్యం వచ్చింది. "మామయ్య ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నాడు."

సంయుక్త పెద్ద జవాబు టైప్ చేసి చెరిపేసింది. మళ్లీ చేసి, మళ్లీ చెరిపింది. చివరికి "చాలా సంతోషం" అని మాత్రం పంపింది. లియెన్ చదివినట్టు గుర్తు పడింది. అంతకుమించి ఆ రోజు ఏమీ రాలేదు. సంయుక్త కూడా ఇంకేమీ అడగలేదు.