పల్చటి ఫ్లైవీల్, బరువు కాలు

పంజాగుట్ట చౌరస్తాలో కారు ఇంకొక్కసారి ఆగిపోతే అమ్మిపారేస్తానని జోగారావుగారు కూతురికి తేల్చి చెప్పేశారు. కారు ఆయన పేరునే ఉంది మరి. హైందవికి ప్రాణం పోయినంత పనైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాగానే మోజుపడి కొనుక్కున్న పాత ఎస్టీమ్ అది. పొద్దున్నే కూరగాయలకి ఆయన, తర్వాత ఆఫీసుకి ఆమె నడుపుతారు. అంతకుముందు దాన్ని నడిపిన రేసుల పిచ్చివాడెవరో, ఇంజన్ ఊపు నిలిపే చక్రం తీసేసి తేలికపాటి ఫ్లైవీల్ వేయించాడు. యాక్సిలరేటర్ తాకితే చాలు, ఇంజన్ ఉరకలేస్తుంది; తాకకపోతే అంతే తొందరగా ఆగిపోతుంది.

అమీర్‌పేటలో మెకానిక్ హనుమాండ్లు గేర్‌బాక్స్ దింపి చూస్తే క్లచ్ ప్లేటు కాలి బొగ్గయింది. దాని వెనకున్న ఫ్లైవీల్ ముఖమంతా వేడికి నీలం మచ్చలు.

"మేడం, గిది మస్తు పల్చగున్నది. మచ్చలు పోయేదాక లేత్ మీద చెక్కాలె. జర ఎక్కువ కోస్తే ఖతం, పారెయ్యుడే."

"ఇంకోటి దొరకదా అన్నా?"

"గిసొంటిది యాడ దొరుకుతది?"

హైందవి సెలవు పెట్టి మరీ లేత్ పక్కన కూర్చుంది. లేత్ పనివాడు రాజనర్సయ్య పిడి తిప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. సన్నటి పొట్టు రాలి, నీలం పోయి, ఉక్కు తళతళలాడింది.

"బతికింది తియ్యి," అన్నాడు రాజనర్సయ్య. ఆనందం పట్టలేక ఆమె అందరికీ చాయ్ తెప్పించింది.

సాయంత్రానికి కొత్త క్లచ్‌తో కారు సిద్ధమైంది. హనుమాండ్లు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. కబురందుకుని వచ్చిన జోగారావుగారు దర్జాగా స్టీరింగ్ ముందు కూర్చున్నారు.

"క్లచ్ కాల్చింది నువ్వేనమ్మా. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగినవాణ్ణి, చూసి నేర్చుకో. యాక్సిలరేటర్ జోలికి పోకూడదు. క్లచ్ మెల్లగా వదిలితే బండి దానంతటదే కదులుతుంది. పెట్రోలు ఎంత కలిసొస్తుందనుకున్నావ్!"

వదిలారు. ఇంజన్ ఆగిపోయింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు.

"సార్, తేలిక ఫ్లైవీల్ కదా, జర రేస్ ఇయ్యాలె," అన్నాడు హనుమాండ్లు.

"నాకు తెలుసులేవయ్యా!" అంటూ ఉక్రోషంగా తొక్కితే నిమ్మకాయలు పచ్చడయ్యాయి.

పంజాగుట్టలో ఎర్రలైటు పడింది. పక్క సీట్లో ఉన్న హైందవి చూపు కిందికి పోయింది. నాన్న ఎడమకాలు, చెప్పుతో సహా, క్లచ్ మీద హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది. అమీర్‌పేట నుంచీ అది అక్కడే ఉంది; అలా అదిమిపెట్టి నడిపితే ప్లేటు రాసుకుని కాలిపోతుంది. క్లచ్‌ని కాల్చిందెవరో ఆమెకి అర్థమైపోయింది.

పచ్చలైటు పడింది. ఆయన అలవాటుగా క్లచ్ వదిలారు. కారు ఆగిపోయింది. మళ్ళీ వదిలారు. మళ్ళీ ఆగింది. వెనక హారన్లు దద్దరిల్లాయి.

"అంకుల్, పండుకున్నవా ఏంది?" అని అరిచాడో ఆటో అతను.

"ఏం నాన్నా, అమ్మేద్దామా?" అంది హైందవి ఆ కాలివంక చూస్తూ.

ఆయనా చూసుకున్నారు. గబుక్కున కాలు తీశారు. ముఖం కందగడ్డయింది, ఆ వెంటనే నవ్వు ఆపుకోలేకపోయారు.

"అమ్మడమేంటి? ముందు నువ్విటు రా. రేపట్నుంచి నాకు నేర్పు."

సీట్లు మారారు. హైందవి కాస్త రేస్ ఇచ్చి క్లచ్ వదలగానే ఎస్టీమ్ చెంగున చౌరస్తా దాటింది. ఆమెకి ఈల వెయ్యాలనిపించింది. పక్క సీట్లో మాత్రం జోగారావుగారి ఎడమకాలు, అక్కడ లేని క్లచ్‌ని తొక్కిపట్టుకునే ఉంది.